తోడు

బయట మైనస్ నలభై ఆరు.
గుమ్మం దాటిన మూడో అడుగుకే
కనురెప్పలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.
యాకుత్స్క్‌లో జనవరి అంటే ఇంతే,
పొగమంచులో ఎవరి దగ్గే వాళ్ళ చిరునామా.

లోపల, నా కుడిచేతి పక్కనున్న పెట్టెలో
ముప్పై ఎనిమిది డిగ్రీలు.
బతికున్న గుర్రప్పిల్ల ఒంటి వేడి అది.
అందులో ఇరవై నాలుగు గాజు పళ్ళేలు,
పదకొండు రోజులుగా ఏమీ మొలవనివి.

గుర్రప్పిల్ల బతికి లేదు.
దాని జాతే లేదు.
యానా నది గట్టును పంపు నీళ్ళతో కోస్తూ
మంచు ఏనుగుల దంతాలు వెతుక్కునే ఎర్చిమెన్‌కి
మొదట ఒక గిట్ట కనబడిందట,
తడిసి, నల్లగా, నిన్ననే నేల మీద ఆనించినట్టు.
పంపు ఆపేశాడు.
"దంతం కాదు, అమ్ముడుపోదు.
కానీ దీనికి కనురెప్పల వెంట్రుకలున్నాయి.
మళ్ళీ మట్టి కప్పడానికి నాకు చెయ్యి రావట్లేదు, రండి"
అన్నాడు ఫోన్లో.

వయసు రెండు వారాలు.
చనిపోయి నలభై రెండు వేల ఏళ్ళు.
ఈ రెంటినీ ఒకే గడిలో రాయమంటుంది ఫారం.

పొట్ట కోసిన రోజు ఎవరం మాట్లాడుకోలేదు.
పేగులో గడ్డి లేదు.
చివర్న ఎక్కడో చిటికెడు పసుప్పచ్చ ముద్ద.
పాలు.
అగాఫ్యా యెగోరొవ్నా చేతొడుగు తీసి
మళ్ళీ తొడుక్కుని
"రాసుకో" అంది.
నాకు కలం ఎక్కడుందో కాసేపు తెలియలేదు.

నవంబరులో ఒకసారి మొలిచింది, తెల్లగా, ఆవగింజంత.
కేకు తెచ్చుకున్నాం.
పరీక్షలో తేలింది, అది నా మణికట్టు మీది సూక్ష్మజీవి.
అన్నేళ్ళ వెనక్కి చెయ్యి చాచి
నన్నే పట్టుకొచ్చాను!
అప్పట్నుంచి రెండు జతల తొడుగులు,
పళ్ళెం మూత తీస్తే ఊపిరి బిగపట్టడం.

మా అవ్వ వర్వారా దగ్గర ఒక తోలు సంచి ఉండేది,
గుర్రం పాలు పులియబెట్టడానికి.
ఏటా అడుగున మిగిలిన మడ్డిని ఎండబెట్టి దాచి
మళ్ళీ వేసవికి అదే తోడు వేసేది.
"పాలు ఒంటరిగా పులియవే, చెడిపోతాయి" అనేది.
యుద్ధం రోజుల్లో ఊరిని ఊరంతా పెకలించి
ఉత్తరాన చేపల రేవుల్లో దింపినప్పుడు
వాళ్ళమ్మ ఆ ఎండు మడ్డిని
గుడ్డలో చుట్టి నడుముకు కట్టుకుపోయిందట.
రెండు శీతాకాలాలు.
పిల్లలు పైన్ చెట్ల బెరడు నమిలారు.
ఆమె దాన్ని నోట్లో వేసుకోకుండా ఎలా ఉంచగలిగిందో
అవ్వ ఎన్నడూ చెప్పలేదు.
బహుశా అడగలేదు.

ఈ రాత్రి, పన్నెండో రోజు,
పదిహేడో పళ్ళెంలో
చూపు పక్కకి తిప్పితే ఉంటుంది,
సూటిగా చూస్తే లేదు,
ఒక మసక చుక్క.

నాదో, దానిదో
తేలడానికి మూడు వారాలు పడుతుంది.
కేకు లేదు. ఎవర్నీ లేపలేదు.
ఊపిరి బిగపట్టి వంగి చూశాను.
నాది కాకపోతే
ఇది ఒక తల్లి ఇచ్చింది.
పొదుగు దగ్గర, ఆ పద్నాలుగు రోజుల్లో ఏదో ఒక రోజు
తన ఒంట్లోంచి పిల్ల ఒంట్లోకి.
పిల్ల బురదలో దిగబడ్డాక
ఆమె గట్టు మీద ఎంతసేపు నిలబడిందో
ఏ పొరలోనూ దొరకదు.
వెళ్ళిపోయి ఉంటుంది. వెళ్ళాలి కదా, మంద కదిలాక.
ఇది మాత్రం కదల్లేదు,
పిల్లతోపాటు చల్లబడింది,
గడ్డకట్టింది,
అక్కడే ఉంది.

నిబంధన ప్రకారం చుక్క కనబడిన వెంటనే
సగం తీసి మైనస్ ఎనభైలో దాచాలి.
చలిపెట్టె తలుపు తెరిచాను.
తెల్లటి ఆవిరి నా మోకాళ్ళ మీదికి జారింది.
మూసేశాను.
ఇంకో గంట వెచ్చగా ఉండనీ.

రిజిస్టర్లో ఆలస్యానికి కారణం అని ఒక గడి ఉంది.
టీ నీళ్ళు పెట్టుకుని వచ్చి కూర్చున్నాను,
దాన్ని ఇంకా నింపలేదు.