తరవాత అడుగు

కోచింగ్ సెంటర్ మూసేస్తా ఉంటే
మూడువేలకు ఎత్తుకొచ్చిన కంప్యూటర్ అది.
మూత ఊడదీస్తే లోపల సుద్దపొడి,
ఎవరిదో హాల్‌టికెట్ ముక్క.
దుమ్ము ఊది, ర్యామ్ గుచ్చి,
నాలుగు టీబీల డిస్కు బిగించి
టీవీ కింద, పాత వీసీఆర్ ఉండిన తావులో కూర్చోబెట్టినా.

ఇరవైరెండేండ్లు కొర్లగుంటలో కేబుల్ నడిపినోణ్ణి.
మిద్దె మీంచి మిద్దె మీదికి నేను లాగిన వైర్ల మీద
ఇప్పుడు లుంగీలు ఆరేస్తా ఉండారు.
మిగిలింది ఒక ట్రంకుపెట్టె.
మా లోకల్ ఛానల్లో ఏటా వేసిన గంగ జాతర,
ముప్పైయ్యొక్క క్యాసెట్లు.
రెండిటికి బూజు. ఒకటి ఎలుక కొట్టింది.
మూడు గంటల క్యాసెట్ ఎక్కాలంటే మూడు గంటలే.
అన్నం తిని, కునుకు తీసి వచ్చినా
ఇంకా తిరగతానే ఉంటుంది.

అన్నీ ఒక ఫోల్డర్లో పోసి 'వెతుకు' అన్నా.
తెల్లార్లూ వెతికింది సాఫ్ట్‌వేరు.
పొద్దున చూస్తే
తొంభైయ్యేడు జాతరకు ఎవరో తెల్లదొరసాని బొమ్మ,
మంచులో నిలబడి ఏడస్తా ఉండాది.
రెండువేల ఒకటికి సొరచేప.
మే నెలలో, మా తిరపతిలో, మంచు!

'నెట్టులో చూడొద్దు, నేను చెప్పిందే విను'
అనే టిక్కు యాడుందో కనుక్కునేకి రెండు దినాలు పట్టింది.
తారాగణం నేనే కొట్టినా, ఒక్క వేలితో.
పంబ: మొగిలయ్య. బైరాగి వేషం: రెడ్డెప్ప.
సున్నపు కుండలు: పేరు గుర్తులేదు, పాలబూతు ఆయన తమ్ముడు.
దర్శకత్వం అనే గడిలో నా పేరు రాసి, చెరిపి,
ఎండలో కెమెరా మోసిన దొరవేలు పేరు పెట్టినా.

అడుగు పడినాక డప్పు వినబడతా ఉండింది.
'ఆలస్యం' అనే చోట తగ్గిస్తా, పెంచతా,
మైనస్ నూటాఎనభై దగ్గర
కాలూ దెబ్బా ఒకటైనాయి.
కుర్చీలో కూచున్నోణ్ణి లేచి నిలబడినా.

మొహాలు పట్టే పనొకటి నేర్పినారు దానికి.
రెండు మొహాలు పక్కపక్కన పెట్టి అడిగింది,
"ఈ ఇద్దరూ ఒకరేనా?"
ఒకటి దొర వేషం, చంకీల కోటు, మెలేసిన మీసం.
ఇంకోటి మాతంగి. పసుపు మొహం, కండ్ల నిండా కాటిక.
రెండూ చెంగల్రాయుడే. సైకిల్ పంచర్లేసేవాడు,
పోయి ఆరేండ్లయింది.
'అవును' నొక్కబోయి ఎందుకో ఆగినా.

హంసవేణిని పిలిస్తే
ఇడ్లీ అంగడి కట్టేసి పిండి చేతులతోనే వచ్చింది.
"ఈ దొర ఆయనే. ఆ కోటు బాడుగ ఇంకా నా నెత్తినే ఉండాది.
పేరు రాయి."
మాతంగిని చూసి కొంగుతో చేతులు తుడుచుకునింది.
"ఇది ఆయన కాదప్పా."
"అదే ముక్కు గదా, గడ్డం మీద అదే గాటు..."
"గాటు ఆయనదే. చూపు కాదు.
ఆ పొద్దు మా గడపలో నిలబడితే
కాళ్ళకు నీళ్ళుపోసి మొక్కినా.
ఇంట్లో బియ్యం లేని పొద్దు
మొగుడికి ఎవురన్నా మొక్కుతారా?"

తెర మీద మూడు గడులు:
అవును. కాదు. తరవాత అడుగు.
మూడోది నొక్కినా.

అది మాట తప్పేది కాదు.
రోజూ రాత్రి రెండింటికి డిస్కంతా తడిమి
పొద్దునకు మూలన ఎర్రచుక్కలో 'ఒకటి' పెట్టుకోని కూచుంటుంది.
ఫ్యాను మాత్రం కడుపునొప్పి వచ్చినట్టు మూలగతా ఉండాది,
దాన్ని మార్చల్ల.

ఆదివారం అంగడి మూసినాక హంసవేణి వస్తుంది.
రిమోట్ తలకిందులుగా పట్టుకోని అడుగుతుంది,
"ఇంకా అడగతానే ఉండాదా?"
"ఉండాది."
"అడగనీలే.
సౌండు పెంచు."