స్టార్టింగ్ లోడ్

ఆటోనగర్ షాపులో కుర్రాడు నాతో కాదు,
మా డ్రైవరుతో మాట్లాడుతున్నాడు.
"రెండు కేవీఏ చాలు సార్, టన్ను ఏసీయేగా!"
గోవిందు నవ్వాపుకుని నా వైపు చూశాడు.
షిప్‌యార్డులో ముప్పై ఒక్క ఏళ్లు
ఓడల కడుపుల్లో కేబుళ్లు లాగిన చేతులివి.

"నడిచేటప్పుడు ఎంత తింటుందని కాదు నాయనా,
లేచేటప్పుడు ఎంత అడుగుతుంది?"

కుర్రాడు కేటలాగు అటూ ఇటూ తిప్పాడు.
కంప్రెసర్ నడకకి పన్నెండు వందల వాట్లు.
లేచే ఆ ఒక్క క్షణం మాత్రం మూడింతలు,
ఒక్కోసారి నాలుగింతలు,
మోకాళ్లు పట్టేసిన మనిషి
నేల మీంచి లేవడానికి గోడ వెతుక్కున్నట్టు.

బండి పాత అంబులెన్సు, వేలంలో కొన్నాం.
సైరన్ పీకేసిన కన్నానికి రేకు ముక్క కొట్టించాను.
స్ట్రెచర్ పట్టాల మీదే మంచం.
ఎన్నిసార్లు కడిగినా డెటాల్ వాసన.
"ఇందులో కళ్లు తెరుచుకుని ఎక్కేది నేనే మొదట"
అంటాడు సూరిబాబు.

సూరిబాబుది స్టీలు ప్లాంటు.
ఒక నైట్ షిఫ్టులో నిప్పు
వీపంతా, రెండు భుజాలూ తడిమి వెళ్లింది.
కొత్త చర్మం వచ్చింది, నున్నగా మెరుస్తుంది,
దానికి చెమట పట్టదు.
విశాఖపట్నంలో చెమట పట్టని మనిషి!
అదృష్టవంతుడివంటారు చుట్టాలు.
ఏప్రిల్ వస్తే వేడి లోపలే తిరుగుతుంది,
బయటికి తోవ దొరక్క.
పదకొండు వేసవులు
ఒక గది, ఒక ఏసీ, ఒక కిటికీ.

మొదటి జనరేటరు తాడు లాగితే రేకుల షెడ్డు అదిరింది.
హుద్‌హుద్ తర్వాత వారం రోజులు మా వీధిలో ఇదే మోత,
ఫోను ఛార్జింగుకి పది రూపాయలు.
రెండోది పిల్లిలా గుర్రుమంది, చూడముచ్చటగా ఉంది,
ఏసీ తగిలించగానే ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది.
"వోల్టేజీ ప్రాబ్లం మేడం" అన్నాడు.
నేను మేడమయ్యాను.

మూడోది, మూడున్నర కేవీఏ, ఇద్దరం మోయాలి.
సాఫ్ట్ స్టార్టరు నేనే బిగించాను,
అక్కడే, వాళ్ల స్క్రూడ్రైవరుతో.
బల్బు కునికింది, తేరుకుంది.
ధరలో నాలుగు వేలు తగ్గించాడు, నేనడక్కుండానే.

మొదటి రాత్రి భీమిలి అవతల, సరుగుడు తోట పక్కన.
సముద్రపు గాలి ఒడ్డుకి కొడుతోంది,
పొగ మా మీదికి రాకుండా
జనరేటరుని కొండ వైపు పెట్టాం.
తలుపు పిడికి రుమాలు కట్టి
కిటికీ పక్కనే పడుకున్నాను.

ఒంటిగంట దాటాక రుమాలు వాలిపోయింది.
రెండింటికి తల అటు తిప్పింది.
గాలి ఇప్పుడు కొండ నుంచి.

ఆపాను. గోవిందుని లేపి
ఇసకలో ఈడ్చుకుంటూ సముద్రం వైపు.
చీకట్లో కేబులు విప్పుకుంటూ పోతుంటే
కాళ్లకింద పీతలు తప్పుకున్నాయి.

"కరెంటు పోయిందా?" లోపల్నుంచి సూరిబాబు.
"లేదు, గాలి మారింది."
"ఆహా" అన్నాడు, నిద్రలోనే.

తాడు లాగాను. అందుకుంది.
ఇంక కంప్రెసర్ లేవాలి.
బండి గోడకి అరచెయ్యి ఆనించి నిలబడ్డాను.
ఒకటి.
ఇంజను గొంతు దిగింది.
రెండు.
ఇంకా దిగింది.