ఏటి వెంపలి

మొదటి పొట్లం మీద తేదీ పెన్సిల్‌తో రాశాను,
అందుకే ఇంకా ఉంది.
సిరాతో రాసినవి రెండో వానకే కారిపోయాయి.

వెంపలి. మేకలు కూడా వేరే గతి లేకపోతేనే మూతి పెట్టే మొక్క.
ఇంటర్వ్యూలో ఒకాయన కళ్ళద్దాలు తీసి మరీ అడిగాడు:
"వెంపలా? శేషాచలం పక్కనే పెట్టుకుని
ఎర్రచందనం కనపడలేదామ్మా?"
ఎర్రచందనానికి తుపాకీల కాపలా ఉంది సార్,
దీనికి ఎవరున్నారు, అనలేదు.
నోరు మూసుకుని ఉద్యోగం తెచ్చుకున్నాను.

పని చెబితే చిన్నదే.
స్వర్ణముఖి ఇసుకలో రాలిన గింజను కొండమీద నాటాలి.
కొండమీది రాతి నెర్రెల్లో రాలినదాన్ని ఏట్లో నాటాలి.
దేని గింజను దాని నేలలో కూడా, సాక్ష్యానికి.
ఆపైన కూర్చుని లెక్కపెట్టాలి:
ఎన్ని మొలిచాయి, ఎన్ని పూచాయి,
కాయకి ఎన్ని గింజలు.
ఇరవై ఆరేళ్ళు ఇదే.
అటవీశాఖ అనుమతి మాత్రం ఏటా వాన కంటే ఆలస్యం.

నారు మోసింది చెంగల్రాయుడు.
ఏటి మొక్కని కొండమీద పాతుతూ తొలి ఏడే గొణిగాడు:
"బదిలీ మింద పోయే కానిస్టేబుల్ మొగం మాదిరుండాది మేడమ్ దీనిది."
నిజమే. ఏప్రిల్ రాకుండానే
ఆకులన్నీ విప్పుకుని నిలబడి నిలబడే ఎండింది.
పక్కన కొండ వెంపలి, జానెడు కూడా లేదు,
పన్నెండు కొట్టేసరికి ఆకులు ముడిచి
ఎండకి అంచు మాత్రం చూపించి ఊరుకుంది.

ఏట్లో నాటిన కొండ మొక్కలు నీళ్ళని నమ్మలేదు.
చుట్టుపక్కలవి మోకాలెత్తు లేస్తుంటే
అవి వేరు కిందికి, ఇంకా కిందికి తోసుకుంటూ
ఇరుగుపొరుగు నీడలో పడి పోయాయి.

పుట్టినచోటే బాగుంటుంది.
ఈ ఒక్క మాట రుజువు చేయడానికి
పదకొండు పేపర్లు, నావి రెండు మోకాళ్ళు.

మాది కుప్పం. మంచు పట్టే ఊరు,
నోట్లో మూడు భాషలు.
తిరుపతి ఎండకి నాకు ఆరు వేసవులు ముక్కు పగిలి రక్తం కారింది.
ఏడో వేసవి కారలేదు.
అది ఏ పట్టికలోనూ ఎక్కించలేదు.

పదిహేడో వరుస, నాలుగో మొక్క.
కొండమీద నాటిన ఏటి వెంపలి, చావలేదు.
"చీటీ మారినట్టుంది" అని మార్జిన్‌లో రాసి
సగటులోంచి తీసేశాను.
షమీమ్ మదనపల్లి పిల్ల, ఏదీ వదలదు,
నాకు తెలియకుండా దాని గింజలు ఏరి పెట్టింది,
మళ్ళీ నాటింది, మళ్ళీ ఏరింది.
నాలుగో తరం పిలిచి చూపించింది.
పదకొండున్నరకే ఆకులు ముడుస్తున్నాయి,
కొండదానికంటే అరగంట ముందు,
కొత్తగా చేరిన గుమాస్తా ఆఫీసుకి వచ్చినట్టు.

ఏటి మడి ఇప్పుడు లేదు.
పసుపు రంగు పూసిన హద్దురాళ్ళు, ప్లాటు నంబర్లు.
చెంగల్రాయుడు కొడుకే పొక్లెయిన్ తోలాడు, పాపం,
ముందురోజు వచ్చి చెప్పి పోయాడు.
కాళహస్తి దాకా గట్టు పట్టుకుని నడిచాం.
తుమ్మ, జిల్లేడు, ప్లాస్టిక్.
వెంపలి ఉంది గానీ మా వెంపలి కాదు,
రోడ్డు మట్టితో లారీల్లో వచ్చింది.

రిటైర్మెంటు శాలువా కుర్చీకే వదిలేసి కొండెక్కాను.
పదిహేడో వరుస ఇప్పుడు వరుసలా లేదు,
ఇష్టమొచ్చినట్టు జారి వంక దాకా పోయింది.
షమీమ్ పొట్లాలు మడుస్తోంది.
"మేడమ్, స్వస్థలం అన్న గడిలో ఏం రాయాలి?"

రెండు చోట్లూ చెప్పబోయి ఆగాను.
ఒక చోటు లేదు. ఇంకో చోటు దీనిది కాదు, అని
నేనే పదకొండుసార్లు అచ్చు వేయించాను.

"ఉండు," అన్నాను,
"పెన్సిల్ చెక్కనీ."