అంటు కింది చిగురు

పలమనేరు నర్సరీలో చెంగల్రాయులు చెప్పినాడు:
"ఇది ఏడుపు మల్బరీ అక్కా.
కాండం ఒకదానిది, తల ఇంగొకదానిది.
నాటు మల్బరీ మింద నేనే అంటు కట్టినా.
ఎంత పెంచినా నీ తలెత్తు దాటదు,
కొమ్మలన్నీ కిందికే."
మూడొందల యాభై చెప్పి మూడొందలకిచ్చినాడు.
బస్సులో ఒళ్లో పెట్టుకోని కూచుంటే
మొగిలి ఘాటు దిగేంతసేపూ
ఆకులు నా మోకాళ్లు తడమతానే ఉండాయి.

కొర్లగుంటలో మా వాకిలి పక్కన
నాలుగడుగుల మట్టి.
స్కూటరు అమ్మేసినాక
ఆ తావు ఊరికే ఉన్నింది.

"ఏం మే, ఏడ్చే చెట్టును తెచ్చి
ఇంటి ముందర పెట్టినావు, వాస్తు చూసుకోవద్దా?"
అనె ఎదురింటి కస్తూరమ్మ.
అది ఏడస్తా లేదక్కా,
తలకి పోసుకోని ఎండకు కూచోనుండాది
అన్నా.

నా పని తెలుసు కదా.
కొండమింద, కళ్యాణకట్టలో.
బ్లేడు సగానికి తుంచి కత్తికెక్కించి
తల తడిపి
"తల వంచమ్మా" అంటా.
ఇరవై రెండేండ్లలో
నేను ఎక్కువ మాట్లాడింది ఆ రెండు మాటలే.
వంచతారు.
కారులో వచ్చినామె, కాలినడకన వచ్చినామె,
గోవిందా అనేది, గమ్మునుండేది.
ఒకామె మాత్రం
తెగిపడిన జడను పసిబిడ్డ మాదిరి
ఒళ్లో పెట్టుకోని
శానాసేపు ఇయ్యలేదు.
వెనకాల లైను అరస్తా ఉంటే
నేనూ అడగలేదు.

ఈ చెట్టుకు ఎవరూ వంచమని చెప్పక్కర్లే.
రెండో ఏడుకే కొమ్మలు నేలను తగిలినాయి.
రాత్రి డ్యూటీ దిగి వస్తే
వీధిలైటు కింద
ఎవరో జుట్టు విరబోసుకోని కూచున్నట్టుంటాది.
మొదట్లో ఉలిక్కిపడేదాన్ని.
ఇంగిప్పుడు "నిద్ర పోలేదా" అని అడిగి
తాళం తీస్తా.

చెంగల్రాయులు ఇంగొకటి చెప్పింటాడు:
"అంటు కింద నిలువుగా చిగురొస్తాది.
చూడంగానే కోసెయ్.
ఉంచినావో, అది పైకెక్కి
మింది తలను ఎండబెట్టేస్తాది.
చెట్టు వంగడం మర్సిపోతాది."

వచ్చింది.
వానలు పడిన వారానికి,
మోకాలెత్తున, కర్ర నాటినట్టు.
కత్తెర దొరక్క నా కత్తే తెచ్చినా.
ఇన్ని వేల తలల మింద ఆగని చెయ్యి
ఆడ ఆగింది.

దాని తప్పేముండాది?
వేరు దానిది.
మునిసిపాలిటీ నీళ్లు తాగేది అది, మోసేది అది.
వీధిలో పోయేటోళ్లు నిలబడి
"ఎంత సోకుగా ఉండాదో" అనేది మాత్రం
మిందున్న దాన్ని.
కింద ఏం చెట్టు అని
ఒక్కరన్నా అడిగినారా?

కోసినా. కొయ్యకుంటే కాదు.
తెల్లటి పాలు కారి
నా బొటనవేలికి అంటుకున్నాయి,
సోపు పెట్టి రుద్దినా జిగట పోలే.
పారేయబుద్ధి కాక
ఖాళీ పెయింటు బకెట్లో మట్టి పోసి గుచ్చి
మిద్దెమింద, నీళ్ల ట్యాంకు పక్కన పెట్టినా.
పట్టుకునింది.

ఇప్పుడది ట్యాంకును దాటింది.
గాలి కొడితే ఊగతాది గానీ
వంగేది లేదు.
బకెట్టు పగిలిపోయె. ఈ వానల్లో
దానికేదన్నా తావు చూడాల.

కిందామె సంగతి అట్లే ఉండాది.
కస్తూరమ్మ మనమరాలు లోపలికి దూరి
పండ్లు తిని, మూతి నల్లగా చేసుకోని
"అవ్వా, నన్ను కనుక్కో" అంటాది.
ఇంటి ముందర ఏడుపు చెట్టు వద్దనిన మనిషి
కనిపిస్తా ఉండే కాళ్లను చూసి
యాడుండావే, యాడుండావే అని
వీధంతా తిరగతాది.

మొన్న సెలవు నాడు
నేనూ తలకి పోసుకోని
ఆ కొమ్మల పక్కన కూచుంటి.
గాలికి ఒక రెమ్మ వచ్చి
నా తడి జుట్టులో చిక్కుకునింది.
లోపల పెట్టెలో బ్లేడ్లు డజను ఉండాయి.
ఒక్కొక్క వెంట్రుకా, ఒక్కొక్క ఆకూ
వేళ్లతోనే విడదీసుకునే సరికి
పొద్దు గూకింది.