బుడగలు ఆగేదాకా

మా ఊరు జెయ్తూన్, మాల్టా దీవికి దక్షిణాన.
ఆలివ్ పేరు పెట్టుకున్న ఊళ్లో
నా కారు నూనె కక్కుతోందంటే
ఎవరూ జాలిపడరు, నవ్వుతారు.

యాభై తొమ్మిది నాటి మోరిస్ మైనర్.
వెనక కుడి చక్రం పక్కన
రెండు పిడికిళ్లంత ఇనప పెట్టె, దాన్నుంచి ఒక మీట.
చక్రం గుంతలో పడితే మీట లేస్తుంది,
లోపలి నూనె ఆ కుదుపుని మింగేస్తుంది.
మింగడం మానేసి నెలైంది.
మొన్న చేపలరేవు నుంచి వస్తుంటే
వెనక సీట్లో పుచ్చకాయ
నాకంటే ముందు ఇల్లు చేరేలా ఉంది.

మా తమ్ముడు విస్టిన్ వచ్చి
వెనక మడ్‌గార్డు నొక్కి వదిలాడు.
ఒకటి. రెండు. మూడు. మూడున్నర.
"కారనుకున్నాను, పడవ కొన్నావా అక్కా?"

ముప్పై ఒక్క ఏళ్లు ఓడల మరమ్మతు రేవులో ఫిట్టరు.
చెయ్యి తిరిగినవాడు అనేవాళ్లు.
ఇప్పుడా చెయ్యి వణుకుతుంది.
వాడి కప్పులో కాఫీ సగమే పోస్తాను.
ఆ సంగతి మేం మాట్లాడుకోం.

అందుకని పానా నాది, నోరు వాడిది.
గరాజు తలుపు వీధిలోకి బార్లా తెరిచి
కుర్చీ వేసుకు కూచున్నాడు.
"మీట ఊడదీసే ముందు గుర్తు పెట్టు.
ఒక్క పన్ను తేడాగా ఎక్కితే ఆకాశం చూస్తుంది."
గుర్తు కొట్టే ములుకు ఎక్కడుందో వాడికీ తెలీదు.
నా గోళ్లరంగుతో ఎర్రటి గీత గీశాను.
వాడు ముఖం తిప్పుకున్నాడు,
రేవులో అలాంటివి చూడలేదట.

లోపలి సీలు
ఖర్జూరపు గింజలా గట్టిపడిపోయింది.
ఇరుసు మీద సన్నటి గాడి,
కంటికి ఆనదు, గోటికి తగులుతుంది.
ఎమెరీ కాగితంతో మధ్యాహ్నమంతా రుద్దాను.
కొత్త సీలు వాషింగ్ మిషన్లు బాగుచేసే కొట్లో దొరికింది,
అదే కొలత.
కొట్టతనికి కారు సంగతి చెప్పలేదు.

మోటార్ సైకిల్ ఫోర్కు నూనె పోశాం.
"ఇప్పుడు మీట ఆడించు. తొందరపడితే నురగే.
నిదానంగా, అడుగుదాకా."
ఇరవైసార్లు ఆడించాను.
డెబ్బై ఒక్క ఏళ్ల భుజం నాది.
"జరుగు," అన్నాడు.

మీట చివర పట్టుకున్నాడు.
చెయ్యి వణికింది.
మీట వణకలేదు.

గబుక్కున కదిలేదాన్ని నూనె ఒప్పుకోదు,
మెల్లిగా వచ్చేదానికే దారిస్తుంది.
చెంచాలోని పులుసుని ఒలకబోసిన వణుకు,
మా అమ్మ దినం నాడు
కొవ్వొత్తిని మూడుసార్లు ఆర్పిన వణుకు
ఇనుములోకి దిగి ఎక్కడో ఆగిపోయింది.
కిందికి. పైకి. కిందికి.
బుడగ. బుడగ.
చాలాసేపు ఏమీ లేదు.
ఆవగింజంత ఇంకో బుడగ.

అప్పటికే అయిపోయింది, నాకు తెలుసు, వాడికీ తెలుసు.
ఆపమని నేననలేదు.
మా చర్చికి రెండు గడియారాలు.
దెయ్యం దారి తప్పాలని
ఒకటి కావాలనే తప్పు చూపిస్తుంది.
ఆ సాయంత్రం మేం దాన్నే నమ్మాం.
ఎదురింటి బాల్కనీలోంచి చెట్టీనా కేకేసింది:
"లిబెరాటా, అన్నం తినరా మీరు?"

బిగించి, మడ్‌గార్డు నొక్కి వదిలాను.
ఒకటి.
అంతే.

పొద్దున్నే కారు కింద అట్టముక్క లాగి చూస్తే
కందిగింజంత మచ్చ.
"పాత నూనె, బయట అంటుకున్నది," అన్నాడు.
"కొత్తదే," అన్నాను.
అట్టముక్క ఎండలో పెట్టి ఇద్దరం వాసన చూశాం,
తేలలేదు.

కాఫీ పోస్తూ పోస్తూ
కప్పు నింపబోయి, సగంలో ఆపాను.
వాడు చూడలేదు.
కుర్చీని
ఎడమ చక్రం వైపుకి ఈడ్చుకుంటున్నాడు.