దుబాసీ

పారమట్టా కోర్టు, మూడో అంతస్తు,
కిటికీ లేని గది.
ఒక కెమెరా, ఒక టిష్యూ పెట్టె,
వకుళ, నేను.
ఆడ దుబాసీ ఎవరూ దొరకలేదని పొద్దున్నే ఫోన్ చేశారు.
మీకు అభ్యంతరమా అని అడిగితే
నా బూట్ల వైపు చూసి
ఫర్వాలేదండీ అంది.

మా వృత్తికి రూలు ఒకటే.
ఏమీ కలపకు, ఏమీ తీసెయ్యకు.
"ఆమె అంటోంది" అనకూడదు.
ఆమె నేను అంటే, నేనూ నేననే అనాలి.
మన భాషలో "నేను"కి ఆడా మగా లేదు,
ఇంగ్లీషులోనూ లేదు.
అందుకని ఈ బొంగురు గొంతుతో
మీసం కింది నుంచి చెప్పాను:
నా భర్త నా మణికట్టు మెలిపెట్టాడు.
అప్పుడు నేను వంటగదిలో ఉన్నాను.
పప్పు మాడిపోయింది.

తెర మీద మేజిస్ట్రేటు, నెరిసిన జుట్టు, తొందరలేని మనిషి.
మీ అమ్మగారికి చెప్పారా?
చెప్పాను.
ఏమన్నారు?
సర్దుకోమంది.
వెయ్యిసార్లు విన్న మాట. ఓర్చుకోమంది,
అని చప్పున ఇంగ్లీషు చేసేశాను.
తర్వాత మీరేం చేశారు?
సర్దుకున్నాను, అంది వకుళ.

నా నోరు అలవాటుగా తెరుచుకుంది.
ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.
"అది కాదండీ.
రెండు చుడీదార్లు, పాస్‌పోర్టు, పిల్ల ఇన్‌హేలరు,
పిల్ల స్కూలు బ్యాగులోనే.
ఆ సర్దుకోవడం."

ఇరవై రెండేళ్లలో మొదటిసారి
కోర్టువారికి విన్నవించుకున్నాను:
పొరపాటు దుబాసీది. సాక్షిది కాదు.

ఆ మధ్య ఇక్కడ కొత్త చట్టం వచ్చింది.
దాని పేరుకి శిక్షణలో మాకొక తెలుగు ఇచ్చారు,
"నిర్బంధ నియంత్రణ".
గంజి పెట్టిన గుడ్డలా గరగరలాడే మాట.
అంటే ఏంటండీ, అంది వకుళ నాతో.
నేను వివరించకూడదు.
మేజిస్ట్రేటే విప్పి చెప్పింది, నేను తెలుగులో పెట్టాను:
దెబ్బ వెయ్యకుండానే
ఒక మనిషి రోజంతా ఇంకొకరి గుప్పిట్లో ఉండటం.
వకుళ కాసేపు మాట్లాడలేదు.
"దానికి పేరుందా?"
అదీ ఇంగ్లీషు చేశాను. గుమాస్తా టైపు చేసుకున్నాడు.

తర్వాత అన్నీ చిన్న చిన్న ప్రశ్నలు.
జీతం ఎవరి ఖాతాలో పడేది?
ఫోను తాళం ఎవరికి తెలుసు?
కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో
ఎవరు చూసేవారు?

అతనే. రాత్రి అన్నం తినేటప్పుడు
పెట్రోలు బిల్లు చూపించమనేవాడు.
కోపంగా కాదండీ. పలకరించినట్టే.

ఆ వాక్యం నా నోట్లో కాస్త నిలబడింది.
నీళ్లు తాగాను.
ఏమీ తీసెయ్యకుండా చెప్పాను.

ఉత్తర్వు రెండేళ్లకు ఇచ్చారు.
కాగితం చేతికి రాగానే చదివి వినిపించాను:
దగ్గరికి రాకూడదు, వెంట తిరగకూడదు,
ఎవరి చేతా కబురు పెట్టకూడదు.
వంద మీటర్లంటే ఎంతండీ, అంది.
ఆ దూరం ఎలా చూపించాలో తెలీక
గది తలుపు తెరిచి వరండా చివర చూపించాను.
అంతేనా, అంది.

టూంగాబీలో రైలు దిగి ఇల్లు చేరేసరికి ఏడు.
భానురేఖ దోసెలు పోస్తోంది.
ఇవాళ కేసేంటి?
చెప్పకూడదు.
సరేలే, అని చట్నీ తెచ్చింది.

ఫ్రిజ్ తలుపు మీద, కోలా బొమ్మ అయస్కాంతం కింద,
ఇవాళ్టి పెట్రోలు బిల్లు.
పక్కన తన గుండ్రటి అక్షరాల్లో కిలోమీటర్లు.
నేను అడిగానా ఎప్పుడైనా?
అడిగాననుకుంటా, కొత్త కారు కొన్న ఏడాది,
ఒకటి రెండుసార్లు.
కోపంగా కాదు.

బిల్లు తీసి మడిచాను, మళ్లీ విప్పాను.
తను పొయ్యి దగ్గరి నుంచి చూస్తోంది,
లెక్క తప్పిందేమో అన్నట్టు.
ఒక్క వాక్యం చెప్పాలి.
ముందు ఎవరైనా అంటే
తర్వాత నేను అనడం, అదొక్కటే నాకు వచ్చు.
దోసె మాడుతున్న వాసన.
ఎవరూ ఏమీ అనడం లేదు.