కాళ్ల రంగు

నౌపడ టేషన్లో రాత్రి డ్యూటీ దిగుతూ
గుణుపూర్ బండికి పచ్చజెండా ఊపిన చేత్తోనే
దుర్భిణి మెడలో వేసుకుంటాను.
పాతసామాన్ల కొట్లో కొన్నది. ఎడమ అద్దంలో బూజు.
అందుకే నేను చూసిన ప్రతి పిట్టకీ
ఎడం పక్క కాస్త మంచు కురుస్తూ ఉంటుంది.

మొదటి ఏడాది నేను గుర్తుపట్టిన తెల్లకొంగ
సిమెంటు సంచి.
రెండో ఏడాది గద్ద అని తారీకు వేసి మరీ రాసుకున్నది
కరెంటు తీగకి చిక్కిన గొడుగుబట్ట.
గూడబాతుల దగ్గర మాత్రం తప్పు పోలేదు.
గెడ్డం కింద అంత సంచి వేలాడేసుకుని
సంతకెళ్లే వాళ్లని ఎవరు పోల్చుకోలేరు?

ఉల్లంకులతోనే వచ్చింది చిక్కు.
పిడికెడు బూడిద, దానికో ముక్కు.
ఉప్పుమడి గట్టున వంద ఉంటే
వందా ఒకే తానులో కత్తిరించిన ముక్కలు.
పుస్తకం తాపీగా చెబుతుంది:
కాళ్లు నలుపైతే ఒక పేరు,
పసుపైతే ఇంకో పేరు.
ఆ రాసినాయన
మా కొఠార్ల బురదలో దిగినట్టు లేదు.

మాఘం చివర, ఒక తెల్లారి,
గుంపుని వదిలేసి ఒంటిగా ఒకటి.
నాకు పన్నెండడుగుల్లో.
గొంతుక్కూర్చున్నాను.
నలుపా? పసుపా?
మేజోళ్లు తొడిగినట్టు మోకాలి దాకా బురద.
ఎండ ముదిరింది, కాలు తిమ్మిరెక్కింది,
అది మాత్రం కుట్టుమిషను సూదిలా
నీళ్లంచుని పొడుచుకుంటూ పోతోంది.
కడుక్కోవే తల్లీ, ఒక్కసారి కడుక్కో.

వెనక గొర్రు ఆగిన చప్పుడు.
దుంగ లోలాక్షి.
"ఏటి బావూ, ఏటి పారేసుకున్నావు?"
"పారేసుకోనేదప్పా, ఆ పిట్ట కాళ్లు ఏ రంగో సూత్తన్నాను."
ఆమె పిట్టకేసి చూసింది. తన కాళ్లకేసి చూసుకుంది.
పిక్కల దాకా తెల్లగా పెళుసుగా ఉప్పు.
"ముందు నావి సెప్పు. ఏ రంగు?"

నేను పుస్తకంలో పేజీ తిప్పాను, ఊరికే.

"కాళ్లెందుకు బావూ.
ఈ తెలుపులో నా కళ్లు ఎప్పుడో మసకేసీనాయి.
అది లేసినప్పుడు ఇను.
టిట్, టిట్ అని ముక్కలు ముక్కలుగా అందనుకో, ఒక రకం.
సిర్ర్‌మని సన్నగా ఈలేసిందనుకో, రెండోది.
ఒంటిగా తిరిగీది ఎక్కువ ఆ ఈలదే.
నేనైతే సూడకుండానే సెప్పీగల్ను."

అందరికీ ఒకే తెలుపు పరిచిన ఆ మడిలో
ఆమె తలెత్తి నిలబడింది. నేనూ చెవి రిక్కించాను.
పిట్ట రెండడుగులు వేసి ఆగింది.
రెక్క విదిలించింది.
లేచింది.

సరిగ్గా అప్పుడే
పలాస వైపు నుంచి గూడ్సు,
యాభై ఎనిమిది డబ్బాలు, ఇంజను కూత,
నేను జీతం తీసుకునే రైలే,
ఆకాశాన్నంతా తొక్కుకుంటూ పోయింది.

చప్పుడు సర్దుకునేసరికి
మడిలో నీళ్లు వణుకుతున్నాయి.
"నాకినబడిందిలే," అంది లోలాక్షి
గొర్రు ఎత్తుకుంటూ.
ఏదో మాత్రం చెప్పలేదు.
నేను అడగలేదు.

ఆ రోజు నోటుబుక్కులో:
ఉల్లంకి, ఒకటి.
కాళ్లు: బురద.
కూత: గూడ్సుబండి.